ఠావు, అరఠావు, పావుఠావు

టక్. టక్. టక్.

లైబ్రరీ చదువుల గదిలో వెనక వరస బీరువాల మధ్య నుంచి వచ్చేది ఆ చప్పుడు. ఎవరో తలుపు తడుతున్నట్టే ఉండేది, కానీ అటువైపు తలుపు లేదు. పత్రిక చదువుకునే ముసలాయన కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి చూసి మళ్ళీ దించుకునేవాడు. కిటికీ పక్కన పరీక్షకు చదువుకుంటున్న అమ్మాయి చెవులు మూసుకునేది. కాసేపు ఏమీ వినపడేది కాదు. మళ్ళీ టక్, టక్. ఆపైన ఉన్నట్టుండి ఒక మొద్దు చప్పుడు, నీళ్ళు నిండిన కుండను వేలితో కొట్టినట్టు.

డబ్.

ఆ చప్పుడు కోసమే ఎదురుచూస్తున్నట్టు లైబ్రేరియన్ తన బల్ల దగ్గర నుంచి తలెత్తేవాడు.

"ఏం అట్టలక్కా, లోపలున్నవాళ్ళు పలికారా?"

"పలికారండీ. తలుపే తియ్యడం లేదు."

అప్పుడు బీరువా చివర ఆమె కనిపించేది. చంకలో ఒక పుస్తకం, కొప్పులో గుచ్చుకున్న పెద్ద సూది, వేళ్ళ సందుల్లో ఎండిపోయి పొలుసులు లేచిన పిండి జిగురు. యాభై రెండేళ్ళ మనిషి. కుర్చీ చూపిస్తే కూర్చునేది కాదు, బల్ల అంచు పట్టుకుని నిలబడేది, ఆ కాసేపట్లోనే బల్ల మీది కాగితాల అంచులన్నీ సమంగా తట్టి పెట్టేసేది. పుస్తకాలకు అట్టలు కట్టడం వాళ్ళ ఇంటి పని. తండ్రి చేశాడు, ఆమె చేస్తోంది, తమ్ముడు చేస్తున్నాడు. ఆమెను అట్టలక్క అని వీధంతా పిలుస్తుంది. ఉత్తరాలు కూడా ఆ పేరుకే వస్తాయి.

నెలన్నర నుంచి ఆమె రోజూ పొద్దున్నే వచ్చి పుస్తకాల వీపులు తట్టి చూస్తోంది. ఎందుకంటే, ఆ వీపుల్లో ఎక్కడో పిల్లుల వంశం అతుక్కుని ఉంది.

*

వాళ్ళ కార్ఖానా ఒక పొడుగాటి గది. ఒక చివర కటింగ్ మిషను, ఇంకో చివర పుస్తకాలు బిగించి పెట్టే ఇనుప ప్రెస్సు, మధ్యలో జిగురు గిన్నె. పిండి జిగురు ఉన్నచోట ఎలుకలుంటాయి, ఎలుకలున్నచోట పిల్లి ఉండాలి. అలా వచ్చిన పిల్లులే ఇవి. ఒళ్ళంతా బూడిద రంగు. వెన్ను మీద మాత్రం మెడ నుంచి తోక చివరి దాకా వేలెడు వెడల్పున ఒక్క నల్లటి చార. ఆ చార అంచులు చెదరవు. బూడిదరంగు అట్టకు నల్లగుడ్డ వీపు అతికించినట్టే ఉంటుంది. పుట్టినప్పుడు కళ్ళు తెరవకముందే అది స్పష్టంగా కనపడుతుంది, చీకట్లో ఎవరో ఒక్క గీత గీసి లోకంలోకి వదిలినట్టు.

తండ్రి వాటిని వీపుచార పిల్లులు అనేవాడు. ఒక్కో తల్లి ముసలిదయ్యేటప్పుడు దాని ఆఖరి కాన్పులో ఒక ఆడపిల్లను ఉంచుకుని, మిగతావాటిని అడిగినవాళ్ళకు ఇచ్చేవాడు. ఉంచుకున్నదానికి కాగితం కొలతల పేరు పెట్టేవాడు. మొదటిది ఠావు. దాని కూతురు అరఠావు. దాని కూతురు పావుఠావు. ఇంకా మడిస్తే పిల్లి మిగలదని తమ్ముడు వేళాకోళం చేస్తే, ఆ తరవాతిదానికి క్రౌన్ అని పెట్టాడు. ఇప్పుడు కార్ఖానాలో ఉన్నది క్రౌన్ కూతురు డెమ్మీ. ఇనుప ప్రెస్సు చక్రం మీద ముడుచుకు పడుకుంటుంది. చక్రం తిప్పాలంటే ముందు దాన్ని బతిమాలాలి.

ఉంచుకున్న ప్రతి పిల్లకూ తండ్రి ఒక చీటీ రాసేవాడు. పాత లెడ్జర్ల మందపాటి కాగితం మీద, అడుగున అంగుళం ఖాళీ వదిలి, ముత్యాల్లాంటి అక్షరాలతో. చీటీని అట్టపెట్టెలో వేసేవాడు. ఎందుకు నాన్నా అంటే, "పుట్టినవాళ్ళను ఎక్కడో ఒకచోట రాసిపెట్టాలి కదమ్మా" అనేవాడు.

తొమ్మిదేళ్ళ కిందట పశువుల డాక్టరు డెమ్మీ తల్లికి సూది వేయడానికి వచ్చి, చార మీద వేలు నడిపిస్తూ ఆగిపోయాడు. ఇలాంటి పిల్లిని తను ఎక్కడా చూడలేదన్నాడు. పిల్లుల జాతులను గుర్తించి పేరు రాసుకునే సంఘం ఒకటుందని, ఐదు తరాల రాత చూపిస్తే దీన్నొక జాతిగా ఒప్పుకుంటారని చెప్పాడు. ఆ రోజు ఇల్లంతా సంబరపడింది. తండ్రి అట్టపెట్టె తెచ్చి బల్ల మీద బోర్లించాడు. దారపు ఉండలు పడ్డాయి, సూదులు పడ్డాయి. చీటీలు పడలేదు.

అప్పుడు ఆమె తండ్రి మీద గయ్యిమంది. డాక్టరు ముందు, తమ్ముడి ముందు, పక్క కొట్టు నుంచి తొంగిచూస్తున్నవాళ్ళ ముందు. "నీకు ఒక్క వస్తువు జాగ్రత్త చేయడం చేతకాదు నాన్నా. ముప్పై ఏళ్ళు రాశావు, ముప్పై క్షణాల్లో పోగొట్టావు." తండ్రి తల గోక్కుంటూ నవ్వాడు. "ఎక్కడో పెట్టే ఉంటానమ్మా. ముసలాణ్ణి అయిపోయాను" అన్నాడు. మూడేళ్ళ తరవాత పోయాడు. చీటీల మాట వచ్చినప్పుడల్లా ఇంట్లో అందరూ ఆయన మతిమరుపు చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. ఆమె కూడా.

*

ఈ ఏడాది సంఘం నుంచి డాక్టరుకు ఒక కవరొచ్చింది. వేరే ఊళ్ళో అత్తరు వ్యాపారం చేసే ఒకావిడ, ఎప్పుడో తండ్రి దగ్గర రెండు పిల్లలను పట్టుకెళ్ళిన ఆవిడే, వాటి సంతానాన్ని కొత్త జాతిగా రాసుకోమని అర్జీ పెట్టింది. పేరు సిల్వర్ శాటిన్.

"లోపలి బట్టల కంపెనీ పేరులా ఉంది" అన్నాడు తమ్ముడు.

డాక్టరు ఊరుకోలేదు. అసలు పుట్టిల్లు ఇక్కడుందని సంఘానికి రాశాడు. సంఘం వాళ్ళు జవాబులో విషయం తేల్చి చెప్పారు. ఎవరి రాత పాతదైతే వాళ్ళు రాసిన పేరే జాతికి నిలుస్తుంది. క్రౌన్, డెమ్మీల వివరాలు తొమ్మిదేళ్ళుగా డాక్టరు పుస్తకంలో ఉన్నాయి కనుక రెండు తరాలు సరే. మిగతా మూడు తరాలకూ అప్పుడే రాసిన కాగితాలు చూపాలి. కత్తిరించినవి, దిద్దినవి, గీకినవి చెల్లవు. రెండు నెలల్లో చూపలేకపోతే పేరు సిల్వర్ శాటిన్ అవుతుంది, వీళ్ళ పిల్లులు 'మూలం తెలియని వీధి పిల్లులు' అని నమోదవుతాయి.

ఆ మాట దగ్గర ఆమెకు అన్నం సహించడం మానేసింది. డెమ్మీకి ఏమీ పట్టలేదు. అది చక్రం మీద నుంచి లేచి, ఒళ్ళు విరుచుకుని, చారను విల్లులా వంచి, మళ్ళీ పడుకుంది.

రెండు వారాలు అలాగే గడిచాయి. ఒక మధ్యాహ్నం లైబ్రరీ నుంచి తేనెటీగల పెంపకం మీద ఒక పాత పుస్తకం బాగుకు వచ్చింది. వీపు గుడ్డ ఊడదీసింది. గుడ్డ కింద, పుస్తకం నిటారుగా నిలబడటానికి ఒక కాగితపు బద్ద అతికిస్తారు. తడిపి ఆ బద్దను ఒలిచింది. వెనకవైపు తండ్రి అక్షరాలు.

'పావుఠావు. అరఠావు కూతురు. నలుగురిలో మూడోది. వీపుచార ఆడపిల్ల. చార మెడ నుంచి తోక చివర దాకా, ఎక్కడా తెగలేదు.' కింద తేదీ.

సంతోషం ఒక్క క్షణం ఉంది. మరుక్షణం ఆమె చూపు పుస్తకం కుట్టు మీద పడింది. అది తన కుట్టు.

అప్పుడు గుర్తొచ్చింది. పదహారేళ్ళ కిందట చదువుల గది కప్పు కారి మూడు వందల పుస్తకాలు తడిశాయి. తండ్రి కంటి ఆపరేషనుకు ఆసుపత్రిలో మూడు వారాలున్నాడు. తమ్ముడు ఆయన దగ్గర ఉన్నాడు. మూడు వందల పుస్తకాలూ ఆమె ఒక్కతే కట్టింది. బద్దలకు కాగితం అయిపోయింది. చేతికి అందిన పెట్టెలో, కోయనక్కర్లేని బద్దంత ముక్కలుగా, మందపాటి లెడ్జరు కాగితం కనపడింది. అంచు కొంచెం చింపి చూసింది. నిలువుగా చింపితే తిన్నగా చినిగింది, అంటే నార వాలు సరిగ్గా ఉంది. బంగారం లాంటి కాగితం అనుకుంది. అట్టలు కట్టేవాళ్ళు కాగితాన్ని చదవరు. మందం చూస్తారు, నార చూస్తారు, తడి పీలుస్తుందో లేదో నాలిక అంచుకు ఆనించి చూస్తారు. అక్షరాలు వాళ్ళకు కాగితం మీది మరకలు.

పెట్టెలోవి పోగొట్టింది తండ్రి కాదు.

"ఏంటక్కా, అలా నిలబడిపోయావు?" తమ్ముడు దారానికి మైనం పట్టిస్తూ అడిగాడు.

"చీటీ దొరికిందిరా. ఒకటి."

"అబ్బ! ఎక్కడ? వీపులోనా?" వాడు లేచి వచ్చి చూసి పకపకా నవ్వాడు. "నాన్న చూడు! రాసినవాడే అతికించేశాడు. ఏం మతిమరుపు అక్కా అది, పాపం."

ఆమె నోరు తెరిచింది. నోట్లోంచి వచ్చిన మాట ఇది. "అవును. నాన్నే అయి ఉంటాడు."

*

మందపాటి బద్ద ఉన్న పుస్తకం వీపు తడితే డబ్ అంటుంది, పలచటిదైతే టక్ అంటుంది. లైబ్రేరియన్ ఒక్క షరతు పెట్టాడు. "విప్పిన ప్రతి పుస్తకం మళ్ళీ కట్టి ఇవ్వాలి. ముందుకన్నా గట్టిగా."

"ముందు కట్టింది కూడా నేనేనండీ. నా పని మీద నాకే పోటీ పెడతారేం?" అంది, గబుక్కున నాలిక కరుచుకుంది. ఆయనకేమీ అర్థం కాలేదు.

డబ్ అన్న ప్రతి పుస్తకంలో చీటీ లేదు. ఆ పెట్టెలో రాయని కాగితాలు కూడా ఉన్నాయి మరి. పదకొండు పుస్తకాలు విప్పితే పదింటిలో ఖాళీ బద్దలే వచ్చాయి. పదకొండోది వడ్రంగం నేర్పే పుస్తకం. అందులో అరఠావు దొరికింది. 'ఠావు కూతురు. ముగ్గురిలో చివరిది. వీపుచార ఆడపిల్ల. పుట్టగానే ఏడవలేదు, తుమ్మింది.'

మిగిలింది ఠావు. అన్నిటికీ అమ్మ. అది లేకపోతే రెండు చీటీలున్నా లేనట్టే.

ఇంట్లో ఆమె కూర్చోవడం మానేసింది. అన్నం తింటూ లేచి వెళ్ళి కిటికీ మూసేది, మళ్ళీ తెరిచేది. చేతికి ఏ కాగితం దొరికినా అంచు చింపేది, తిన్నగా చినిగిందా లేదా చూసేది. కరెంటు బిల్లు అంచు చింపింది. పెళ్ళి పత్రిక అంచు చింపింది. తమ్ముడు ఓపిక పట్టి పట్టి ఒకరోజు అనేశాడు.

"అక్కా, కాలు కాలిన పిల్లి అంటారే, అది నువ్వే. మనింట్లో అసలు పిల్లి చూడు, ఎంత హాయిగా పడుకుందో. నాన్న చేసిన పనికి నువ్వెందుకే ఇంత కొట్టుకుంటావు?"

ఆమె గిన్నెలోని జిగురును అవసరం లేకుండా కలిపింది. జిగురు తిరుగుతోంది. అందులో కర్ర తిరుగుతోంది. లోపల ఒక మాట తిరుగుతోంది, బయటికి దారి లేక.

గడువు ఇంకా నాలుగు రోజులుంది. తను కట్టిన మూడు వందల పుస్తకాలూ తట్టడం అయిపోయింది. చివరి బీరువా దగ్గర ఆమె ఉత్త చేతులతో నిలబడి ఉంటే లైబ్రేరియన్ వచ్చాడు.

"నిఘంటువు రెండో సంపుటం చూశారా?"

"అది నాన్న కట్టిందండీ. కుట్టు చూస్తే తెలుస్తోంది. నేను కట్టినవాటిలోనే..." ఆగింది.

ఆయన ఆ ఆగడాన్ని పట్టించుకోలేదు. "కట్టించమని మేము ఇవ్వలేదు, ఆయనే అడిగి పట్టుకెళ్ళారు. పోయేముందు ఏడు. బాగానే ఉంది కదండీ అంటే, కుట్టు వదులైంది, మా అమ్మాయి హడావిడిలో కట్టింది, నేను చూస్తాను అన్నారు. ఆయన చేతి ఆఖరి పని అనుకుంటా."

ఆమె పుస్తకాన్ని బయటికి తీసింది. బరువైన పుస్తకం. తట్టింది.

డబ్.

*

నిఘంటువును కార్ఖానాకు తెచ్చి బల్ల మీద పెట్టి ఒక పూట దాని చుట్టూ తిరిగింది. తండ్రి కుట్టు అంత బాగా ఎవరూ కుట్టలేరు. మూడు వేళ్ళ ఎడంలో ముడి, ముడి తల లోపలికి, దారం ఎక్కడా కంటపడదు. దాన్ని తెంపితే మళ్ళీ ఎవరు కుడతారు? తమ్ముడు బయటికి పోయిన వేళ చూసి వీపు గుడ్డ మీద కత్తి మొన పెట్టింది. కుట్టు తెగకుండా గుడ్డ ఒక్కటే లేచింది. కింద బద్ద. తడిగుడ్డ వేసి, అది నానేదాకా గదిలో ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. డెమ్మీ తల తిప్పి తిప్పి చూసింది.

ఒలిచింది. తిప్పింది.

'ఠావు. జిగురు గిన్నె వెనక దొరికింది. తల్లి తెలియదు. వీపుచార. మాకు ఇదే మొదలు.' తేదీ. అడుగున వదిలిన ఖాళీలో, వణికిన చేతితో, పెన్సిలుతో మరో మూడు ముక్కలు. 'ఇన్నాళ్ళకు దొరికింది. అమ్మాయి చూసుకోకుండా అతికించింది. దానికి తెలిస్తే బాధపడుతుంది, ఇక్కడే ఉండనీ.'

ఆయన పోవడానికి ఏడాది ముందు. ఆమె అందరి ముందూ అరిచిన రెండేళ్ళ తరవాత. చేతిలో రుజువు పెట్టుకుని, ఇదిగో చూడవే అనకుండా, మళ్ళీ జిగురు రాసి, మళ్ళీ అతికించి, ఎప్పటిలా నవ్వుతూ ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాడన్నమాట.

పెన్సిలు గీతలు అడుగున అంగుళం మేర ఉన్నాయి. కటింగ్ మిషను మూడడుగుల దూరంలో ఉంది. చీటీని దాని మీద పెట్టింది. అంచు సరిచూసింది. చేతులు ఆ పని ఆమెను అడగకుండానే చేశాయి, ముప్పై ఏళ్ళుగా చేసినట్టే. ఒక్క తోపు. అంగుళం కాగితం కింద చెత్తబుట్టలో పడుతుంది. ఇక నాన్న మతిమరుపు మనిషిగానే ఉంటాడు, తను జాతిని నిలబెట్టిన కూతురుగా ఉంటుంది. సంఘం వాళ్ళు కత్తిరించిన కాగితం చెల్లదంటారు, నిజమే. కానీ ఆమె కోసిన అంచును పాత అంచు కాదని పట్టుకోగలిగిన కన్ను ఆ సంఘంలో లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

పిడి మీద చెయ్యి ఉంది. ఎంతసేపు ఉందో తెలియదు. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. వెలుతురు కత్తి అంచు మీద సన్నగా పాకింది.

తమ్ముడు లోపలికి వచ్చేసరికి అలాగే ఉంది.

"దొరికిందా?"

ఆమె చీటీని కత్తి కింద నుంచి లాగి వాడి చేతికిచ్చింది. "చదువు. అడుగున ఉన్నది కూడా చదువు."

వాడు చదివాడు. మళ్ళీ చదివాడు.

"అంటే ఆ రోజు నాన్నని నువ్వు..."

"ఊ."

"డాక్టరు గారి ముందు..."

"ఊ అన్నానుగా."

"మొన్న చీటీ దొరికినప్పుడు కూడా నాన్నే అన్నావు కదే."

"అన్నానురా. నీకు తెలిసిపోయింది కదా, ఇంకేం కావాలి?"

వాడు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చీటీ అంచును వేలితో సరిచేశాడు. ఆఖరికి అన్నాడు. "ఇది ఇలాగే పంపితే సంఘం వాళ్ళు నిన్ను కూడా రాసుకుంటారక్కా. మూలం తెలియని వీధి అక్క అని."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. రెండూ ఒకదాని మీద ఒకటి అతుక్కున్నాయి.

చీటీలు మూడూ మర్నాడు పొద్దున డాక్టరు చేతికి ఇచ్చింది. కత్తిరించకుండా, దిద్దకుండా. నిఘంటువుకు కొత్త బద్ద వేసి, నాన్న కుట్టు మీదే గుడ్డ కప్పి తిరిగి ఇచ్చేసింది.

*

రెండు నెలలకు జవాబొచ్చింది. ప్రాథమిక గుర్తింపు. జాతి పేరు వీపుచార. మూల తల్లి ఠావు. అత్తరు వ్యాపారి పిల్లులు అరఠావు సంతానపు శాఖగా నమోదయ్యాయి. వెనక పేజీలో ఆధార పత్రాలు అక్షరం పొల్లుపోకుండా అచ్చు వేశారు, పెన్సిలుతో రాసినవి కూడా. ఇక మీదట ఎవరు ఆ జాతి పుట్టుపూర్వోత్తరాలు తెరిచినా, మొదటి పిల్లి పక్కనే ఆ మాటలు కనపడతాయి.

తమ్ముడు ఆ కాగితాన్ని అట్టకు అంటించి గోడకు కొట్టాడు. డెమ్మీ ఆ గోడ కింద మూడు పిల్లలను పెట్టింది. మూడిటికీ చార ఉంది.

అయినా ఆమెకు నిలకడ రాలేదు. ఇప్పుడు ఏ కాగితమూ చదవకుండా అతికించలేకపోతోంది. బద్దలకని తెచ్చిన పాత కాగితాల్లో ఎవరివో లెక్కల హోంవర్కులు, మందుల చీటీలు, సగం రాసి ఆపేసిన ఉత్తరాలు. ఒక్కొక్కటీ వెలుతురుకు పెట్టి చదువుతుంది. కొన్నిటిని ఒక పెట్టెలో వేస్తుంది. రోజుకు పది పుస్తకాలు కట్టే చెయ్యి నాలుగు కడుతోంది. తమ్ముడు తల బాదుకుంటున్నాడు.

ఈ సంగతులు రాసుకోవడానికి వచ్చిన మనిషి సెలవు తీసుకుని వీధి మలుపు దాకా వెళ్ళాక, వెనక నుంచి చెప్పుల చప్పుడు వినపడింది. బల్ల మీద మరిచిపోయిన రెండు చిత్తు కాగితాలు పట్టుకుని ఆమె పరుగెత్తుకుని వస్తోంది. ఆయాసపడుతూనే వాటిని చేతిలో పెట్టింది. ఒకదాని అంచు అప్పటికే కొంచెం చినిగి ఉంది, తిన్నగా.

"ఇవి పట్టుకెళ్ళండి. మంచి కాగితం, నార కూడా బాగుంది, బద్దలకి భలే పనికొస్తుంది. అందుకే చెబుతున్నా, నా దగ్గర వదలకండి."